తునక ఎవరికి, పులుసు ఎవరికి?

నందిగామలోనో జగ్గయ్యపేటలోనో ఒక ముస్లిం కుటుంబం అద్దె ఇంటికోసం తిరిగితే మొదట ఎదురయ్యే ప్రశ్న జీతం గురించి కాదు, ఇంట్లో ఎంతమంది అని కూడా కాదు. ‘మీరు నీసు తింటారు కదా?’ అని. అది ప్రశ్నలా వినిపిస్తుంది గానీ నిజానికి తలుపు వేసెయ్యడానికి ఒక మర్యాద. అడిగినవాళ్ళ వంటింట్లో ఆదివారం కోడికూర ఉడకదని కాదు. 2014లో కేంద్ర జనగణన శాఖ జరిపిన నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులే. తెలంగాణలోనూ అంతే. ఈ రెండు రాష్ట్రాల్లో మాంసం తినడం మైనారిటీ అలవాటు కాదు, అందరి అలవాటు. అయినా తిండికి సంజాయిషీ మాత్రం మమ్మల్నీ దళితుల్నీ అడుగుతారు. కాబట్టి అడుగుతున్నది తిండి గురించి కాదని మాకు ఎప్పుడో తెలుసు.

ఇలాంటి గాలిలోకి ఈ మధ్య ‘వీగన్’ అనే మాట వచ్చింది. మాట పాతదే. 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్ అనే ఆయన, ఆయన మిత్రులూ శాకాహార సంఘంలోంచి వేరుపడి పెట్టుకున్న పేరది. మాంసం, చేప, గుడ్డు మాత్రమే కాదు, పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ముట్టకూడదని వాళ్ళ నియమం. హైదరాబాదులో, బెంగుళూరులో ఉద్యోగాలు చేస్తున్న మా పిల్లల్లో కూడా ఒకరిద్దరు ఈ మాట పట్టుకుని ఇంటికొస్తున్నారు. పండక్కి వచ్చిన కొడుకు ‘అమ్మీ, నేను గోష్త్ మానేశాను, చాయ్‌లో పాలు కూడా వద్దు’ అంటే ఇంట్లో పెద్ద కలకలం. ఒకరు ‘బిడ్డ మతం మారిపోయాడు’ అని ఏడుస్తారు. ఇంకొకరు ‘వాళ్ళ సావాసం పట్టి ఇట్లా అయ్యాడు’ అంటారు. కూరాకు తింటే ఇస్లాంలోంచి బయటికి పోతారని ఏ మౌల్వీ అనడు. మాంసం హలాల్, అంటే అనుమతి ఉన్నది. తప్పనిసరి కాదు. అయినా భయం వేస్తుంది. ఎందుకంటే మా పళ్ళెం మీద ఇతరులు ఇన్నాళ్ళూ వేసిన ముద్ర మా లోపలికి కూడా దిగింది. మాంసమే మేం అని వాళ్ళంటే, అవును మాంసమే మేం అని మాలో కొందరు ఒప్పేసుకున్నారు.

అందుకని ఈ సంగతిని కోపం లేకుండా, సిగ్గు లేకుండా తూకం వేసి చూడవలసిన అవసరం ఉంది. తూకం ఒకటి కాదు, మూడున్నాయి. ఒకటి ఆరోగ్యం, రెండోది కరుణ, మూడోది మడి. ఈ మూడింటినీ ఒకే త్రాసులో పోసి కలిపెయ్యడం వల్లనే ఇంత గొడవ.

మొదట ఆరోగ్యం. మా ప్రాంతం పక్కనే, విజయవాడ వైపు కృష్ణ ఒడ్డున, తెలుగువాళ్ళ తిండి మీద రెండు పెద్ద ప్రచారాలు నడిచాయి. ఉప్పూ నూనే లేని శాకాహారం, మొలకలు, పచ్చికూరల రసాలు అని మంతెన సత్యనారాయణరాజు ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. 2017, 2018 ప్రాంతాల్లో వీరమాచనేని రామకృష్ణ సరిగ్గా అటువైపు నుంచి వచ్చారు. అన్నం మానండి, కొవ్వు తినండి, మాంసం తింటే తినండి అన్నారు. రెండిటికీ జనం విరగబడ్డారు. జగ్గయ్యపేట మిర్చి వ్యాపారి దగ్గర్నుంచి నందిగామ ఆటో డ్రైవర్ దాకా ఏదో ఒకటి కొన్నాళ్ళు పట్టి చూసినవాళ్ళున్నారు. దీన్నిబట్టి తెలిసేది ఒకటే. షుగరూ బీపీ ఇంటింటికీ వచ్చేశాయి, జనం దారి వెతుక్కుంటున్నారు. మా బస్తీల్లో కూడా అదే జబ్బు, అదే వెతుకులాట.

మాంసం తగ్గించి పప్పులు, ఆకుకూరలు, కాయలు, గింజలు పెంచితే మేలుందనడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. ఇంగ్లండులో 48 వేలమందిని 18 ఏళ్ళపాటు గమనించిన ఆక్స్‌ఫర్డ్ అధ్యయనం ఫలితాలు 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. మాంసం తినేవాళ్ళతో పోలిస్తే శాకాహారుల్లో గుండె రక్తనాళాల జబ్బు 22 శాతం తక్కువ. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ, డబ్బాల్లో నిలవచేసిన, పొగబెట్టిన, ఉప్పులో ఊరేసిన మాంసాన్ని కేన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. మేక, గొడ్డు వంటి ఎర్రమాంసాన్ని ‘బహుశా కారకం’ అనే వరుసలో పెట్టింది. ఇవి ఏ మఠమో చెప్పిన మాటలు కావు. మా పెళ్ళిళ్ళలో డాల్డా కారే బిర్యానీ, దానిమీద రెండు గ్లాసుల కూల్‌డ్రింకు, ఆపైన ఖుబానీ కా మీఠా పెట్టి, ఇదే మా తహజీబ్ అని చెప్పుకునేవాళ్ళు వినవలసిన మాటలు. షుగరుకి మతం లేదు.

అయితే ఆ ఆక్స్‌ఫర్డ్ లెక్కకే రెండో పేజీ ఉంది. అదే శాకాహారుల్లో పక్షవాతం 20 శాతం ఎక్కువ కనిపించింది. 2020లో వచ్చిన మరో భాగంలో, పాలు గుడ్లు కూడా మానేసిన వీగన్లకు ఎముకలు విరగడం మాంసాహారులకన్నా 43 శాతం ఎక్కువని తేలింది. తుంటి ఎముక విషయంలో రెండు రెట్లు దాటింది. కాల్షియం, మాంసకృత్తులు తక్కువ కావడం, ఒంటి బరువు తక్కువ కావడం కొంతవరకు కారణాలు.

అన్నిటికన్నా ముఖ్యమైన లోటు బి-12 విటమిన్. మనిషికి రోజుకి కావలసింది రెండు మైక్రోగ్రాముల పైచిలుకు మాత్రమే. కానీ అది మాంసం, చేప, గుడ్డు, పాలలో తప్ప పప్పులోనూ ఆకులోనూ నమ్మదగినంతగా దొరకదు. ఒంట్లో నిలవ ఉన్నది కొన్నేళ్ళు నడిపిస్తుంది. ఆ తర్వాత నీరసం, కాళ్ళూ చేతులూ తిమ్మిర్లు, మతిమరుపు, చివరికి నరాల జబ్బు. షుగరుకి మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏళ్ళతరబడి వేసుకునేవాళ్ళలో ఈ విటమిన్ మరికాస్త తగ్గుతుంది. కాబట్టి షుగరు వచ్చిందని పాలూ గుడ్లూ అన్నీ ఒక్కసారి మానేసినవాళ్ళు బి-12 మాత్ర వేసుకోకపోతే ఒక జబ్బు వదిలించుకోబోయి ఇంకొకటి తెచ్చుకుంటారు. ఈ మాత్రలో ఉండే విటమిన్‌ని సూక్ష్మజీవులతో తయారుచేస్తారు. వీగన్లు కూడా నిరభ్యంతరంగా వేసుకోవచ్చు, వేసుకుని తీరాలి.

మన దేశంలో ఈ పరీక్షకి తన ఒంటినే అప్పజెప్పినవారు గాంధీ. గేదెల్నీ ఆవుల్నీ హింసించి పాలు పిండే పద్ధతి గురించి తెలిసి రోసి, 1912లో దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయ్ ఫారంలో ఉండగా పాలు వదిలేశారు. పళ్ళు, గింజలు, వేరుసెనగల మీద గడిపారు. 1918లో జబ్బుపడి చావు అంచులదాకా వెళ్ళారు. చివరికి 1919 మొదట్లో, కస్తూరిబా మాట మీద, మేకపాలు తాగారు. వ్రతం పట్టినప్పుడు తన మనసులో ఉన్నది ఆవు, గేదె పాలే కదా అని సర్దిచెప్పుకున్నారు గానీ, ఆ సర్దుబాటు ఆయన్ని చివరిదాకా బాధించింది. అప్పటికి బి-12 అనేది ఒకటుందని ప్రపంచానికి తెలియదు. దాన్ని విడదీసింది 1948లో. గాంధీ అంతటివారికి లేని వెసులుబాటు ఇవాళ మందులషాపులో దొరుకుతోంది. కాబట్టి వీగన్‌గా బతకడం అసాధ్యం అనడం అబద్ధం. పైసలూ తెలివిడీ ఉంటే బతకొచ్చు. ఈ షరతుని మాత్రం మరిచిపోకూడదు.

ఇక రెండో తూకం, కరుణ. జీవహింస గురించి మాకు చెప్పవలసిన పనిలేదని మాలో కొందరంటారు. అది మంచి జవాబు కాదు. వెయ్యేళ్ళ కిందట, 973 నుంచి 1057 దాకా, సిరియాలో అబుల్ అలా అల్ మఅర్రీ అనే అరబ్బీ మహాకవి ఉండేవాడు. చిన్నప్పుడే మశూచితో చూపు పోయింది. ఆయన నలభై అయిదేళ్ళపాటు మాంసం, పాలు, గుడ్లు, తేనె ముట్టలేదు. తల్లి పాలు బిడ్డవి, గుడ్డు కోడిది, తేనె ఈగలది అన్నాడు. పప్పు, అత్తిపళ్ళు ఆయన తిండి. అప్పటి ఫాతిమీ ప్రభుత్వపు ధర్మప్రచారకుడు అల్ మువయ్యద్ ఆయనతో ఉత్తరాల్లో వాదించాడు. దేవుడు అనుమతించినదాన్ని కాదనడానికి నువ్వు దేవుడికన్నా దయగలవాడివా అని అడిగాడు. మఅర్రీ ఇచ్చిన జవాబుల్లో ఒకటి మాకు బాగా నచ్చుతుంది. తన ఏడాది ఆదాయం ఇరవై పైచిలుకు దీనార్లు, అందులో సగం సేవకుడికే పోతుంది, మిగిలినదాంట్లో ఇంతకన్నా ఏం తినగలను అన్నాడు. కరుణనూ జేబునూ ఒకే ఉత్తరంలో పెట్టిన మనిషి. ఆయన్ని ఆయన కాలం తిట్టింది గానీ చంపలేదు. ఆయన విగ్రహం తల నరికింది 2013లో, మా కాలపు ఉన్మాదులు.

కాబట్టి కరుణతో మాంసం వదిలేసిన ముస్లిం అనేవాడు నిన్న బెంగుళూరులో పుట్టలేదు. వాడికి మా చరిత్రలో చోటుంది. దస్తర్‌ఖాన్ మీద కూడా చోటు ఉండాలి. ఖుర్బానీ అర్థం రక్తంలో లేదని, మనసులోని భక్తిలో, పేదలకు పంచే వాటాలో ఉందని మా మతమే చెబుతుంది. హలాల్ పక్కనే తయ్యిబ్ అనే మాట కూడా ఉంది, అంటే శుభ్రమైనది, మంచిది అని. కాలు కదపడానికి చోటు లేని గూళ్ళలో కుక్కి పెంచిన కోడిని, తలకిందులుగా మోటార్‌సైకిలుకు వేలాడదీసి తెచ్చిన కోడిని చివర్లో బిస్మిల్లా చెప్పి కోస్తే అది హలాల్ కావచ్చు. తయ్యిబ్ అవునా అన్నది మేం అడుక్కోవలసిన ప్రశ్న.

జగ్గయ్యపేట ఊరి పక్కనే బౌద్ధస్తూపం ఉంది. దాని శిల్పాల గురించి జేమ్స్ బర్జెస్ 1887లో పుస్తకం వేశాడు. అహింస మా నేలకి బయటినుంచి వచ్చిన మాట కాదని ఆ దిబ్బ సాక్ష్యం చెబుతుంది. అయితే అక్కడ నడిచిన భిక్షువుల నియమం కూడా తెలుసుకోవాలి. తమ కోసమే చంపారని చూడకపోతే, వినకపోతే, అనుమానం లేకపోతే భిక్షలో పడ్డ మాంసాన్ని తినవచ్చని పాత బౌద్ధ నియమం. పెట్టినవాడి పేదరికాన్ని అవమానించకుండా అహింసని కాపాడుకునే పద్ధతి అది.

కరుణ తూకంలో ఇంకో సంగతి చూడకుండా పక్కన పెట్టేస్తారు. అది పాలు. మా మెట్టప్రాంతపు రైతు మిర్చి, పత్తి పండించినా ఇంటి ఖర్చు నడిచేది గేదె మీదే. ఆ గేదె వట్టిపోయాక ఏమవుతుంది? పుట్టిన దున్నదూడ ఏమవుతుంది? మేపే స్తోమత రైతుకి లేదు. సంతలో బేరగాడికి అమ్ముతాడు, ఆ డబ్బులో ఇంకొంచెం వేసి పాడిగేదెను తెచ్చుకుంటాడు. ఆ బేరగాడు చివరికి చేరేది ఖురైషీ ఇంటికే. 1977లో వచ్చిన రాష్ట్ర చట్టం ఆవు వధను నిషేధించింది. మిగతా పశువుల్ని పనికీ పాడికీ పనికిరావని అధికారి ధ్రువపత్రం ఇస్తేనే కొయ్యాలంది. 2017 మేలో కేంద్రం పశువుల సంతల్లో కోతకు అమ్మడాన్నే ఆపుతూ నియమాలు తెచ్చినప్పుడు సుప్రీంకోర్టు జూలైలో వాటి అమలు నిలిపేసింది. అప్పుడు కంగారుపడింది కసాయి ఒక్కడే కాదు, రైతు కూడా. పొద్దున్నే చిక్కటి పాలతో కాఫీ తాగే శాకాహారీ, శుక్రవారం పెద్దకూర తినే మేమూ ఒకే పలుపుతాడుకు రెండు కొసలు పట్టుకుని ఉన్నాం. ఆ తాడుని పూర్తిగా వదిలేసింది వీగన్ ఒక్కడే. అందుకే పాలు తాగుతూ మాకు అహింస బోధించేవాడి కంటే వీగన్‌తో మాట్లాడటం మాకు సులువు. అతను మమ్మల్ని అడిగినదే అందర్నీ అడుగుతాడు.

మూడో తూకం మడి. ఇది ఆరోగ్యం వేషమూ వేసుకుంటుంది, కరుణ వేషమూ వేసుకుంటుంది. గుర్తుపట్టే గుర్తు ఒకటుంది. ఆరోగ్యం గురించి మాట్లాడేవాడు తన ఒంటి గురించి మాట్లాడతాడు. కరుణ గురించి మాట్లాడేవాడు జంతువు గురించి మాట్లాడతాడు. మడి గురించి మాట్లాడేవాడు మాత్రం ఎదుటిమనిషి గురించి మాట్లాడతాడు. గిన్నె అంటుకుంది, వాసన వచ్చింది, తామసం పెరిగింది అంటాడు. 1972 ఆగస్టు 15న, స్వాతంత్ర్యానికి పాతికేళ్ళు నిండిన రోజున, విజయవాడలో నాస్తికుడు గోరా గొడ్డుమాంసం, పందిమాంసం రెండూ కలిపి తినే బహిరంగ కార్యక్రమం పెట్టాడు. అది మా రెండు వర్గాల్నీ ఒకేసారి నిలదీసింది. మేం పంది తినం. రేపు కూడా తినం. అది మా నిష్ఠ. కానీ పంది తినే యానాది ఇంటికి, మాదిగ ఇంటికి వెళ్ళి మంచినీళ్ళు తాగడానికి మేం వెనకాడితే మాది నిష్ఠ కాదు, మడి. ఎదుటివాడి మడి మాకు నొప్పి పెట్టినట్టే మా మడి ఇంకొకరికి నొప్పి పెడుతుంది. దీన్ని ఒప్పుకోకుండా మైనారిటీ బాధ గురించి మాట్లాడితే ఎవరూ నమ్మరు.

ఇంతవరకు చెప్పినదంతా ఇంటి బయట జరిగే వాదన. అసలు సంగతి ఇంటి లోపల ఉంది.

2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత. అయిదేళ్ళలోపు పిల్లల్లో 63.2 శాతం. ఇందాకటి 98 శాతాన్ని దీని పక్కన పెట్టి చూడండి. ఇంచుమించు అందరూ మాంసం తింటామని చెప్పే రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తం లేదు. రక్తహీనతకు తిండి ఒక్కటే కారణం కాదు. నులిపురుగులు, వెంటవెంట కాన్పులు, జబ్బులు కూడా ఉన్నాయి. అయినా ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీ ఏమిటో మా ఇళ్ళలోకి తొంగిచూస్తే తెలుస్తుంది.

శుక్రవారం అరకిలో గోష్త్ వస్తుంది. ఎనిమిదిమంది ఉన్న ఇల్లు. దస్తర్‌ఖాన్ పరిచాక ముందు ఇంటాయన, చుట్టం ఉంటే చుట్టం, తర్వాత మగపిల్లలు. నల్లి ఎముక పెద్దాయనకి, కలేజీ పెద్దకొడుక్కి. ‘అమ్మీ, నువ్వెప్పుడు తింటావ్?’ అని ఎవరైనా అడిగితే ‘మీరు తినండి బేటా, నాకేం తొందర’ అంటుంది. ఆమె వంతు వచ్చేసరికి గిన్నెలో పులుసు ఉంటుంది, రెండు ఆలుగడ్డ ముక్కలుంటాయి. అన్నం, పులుసు, నంజుకోవడానికి పచ్చిమిరపకాయ. తిన్న వెంటనే ఒక చాయ్. ఆకుకూరల్లో పప్పుల్లో ఉన్న కాస్త ఇనుమునీ ఒంటికి పట్టకుండా ఆ చాయ్ చేస్తుంది. సర్వేవాళ్ళు వస్తే ఆమె మాంసాహారి అనే రాస్తారు. ఆ ఇల్లు మాంసాహారం ఇల్లు కాబట్టి. ఆమె ఏ దయ కోసమూ, ఏ డాక్టరు చెప్పడం వల్లా మాంసం మానలేదు. ఆమె వంతుకి రాలేదు, అంతే. పాలు పిల్లల కోసం, గుడ్డు బడికెళ్ళేవాడి కోసం. మా ఇళ్ళలో పేరు లేని వీగన్లు వీళ్ళు. ఇది ముస్లిం ఇళ్ళలో మాత్రమే జరిగేది కాదు, ఈ మెట్టలో మిరపకాయలు ఏరే కూలి ఇంట్లోనూ ఇదే వరస. కానీ మా ఇంటి సంగతి ముందు మేం మాట్లాడాలి.

ఇష్టపడి ఎంచుకున్న వీగన్‌కి సోయాపాలు ఉంటాయి, జీడిపప్పు ఉంటుంది, బి-12 మాత్ర ఉంటుంది, రక్తపరీక్ష ఉంటుంది. పేదరికం వల్లా వరస వల్లా వీగన్ అయిన మనిషికి తెల్లబియ్యం ఉంటుంది. ఈ ఇద్దర్నీ ఒకే గాటన కట్టి, శాకాహారం మంచిదని ఒకరు, మాంసం మా హక్కని ఇంకొకరు సభల్లో కొట్టుకుంటుంటే పొయ్యి దగ్గరున్న మనిషి ఎవరికీ కనిపించదు. మాంసం మా హక్కే, సందేహం లేదు. ఆ హక్కు మా ఇంట్లో ఆడవాళ్ళ పళ్ళెందాకా ఎందుకు రాలేదన్నది మాకు మేం వేసుకోవలసిన ప్రశ్న.

చెయ్యవలసిన పనులు పెద్దవి కావు. వారానికి ఒకసారి వచ్చే కలేజీ తునక ముందు పెద్దమనిషైన ఆడపిల్లకి, బాలింతకి వెయ్యాలి. గర్భిణి అయితే కలేజీ విషయం డాక్టర్ని అడిగి పెట్టాలి, గుడ్డూ పాలూ మాత్రం తప్పక ఇవ్వాలి. మాంసం కొనలేని వారంలో కందిపప్పు, పెసలు పలచటి చారుగా కాకుండా ముద్దగా వండుకోవాలి, పైన నిమ్మకాయ పిండుకోవాలి. పులుపు ఇనుముని ఒంటికి పట్టిస్తుంది. మా తాతల కాలంలో ఈ మెట్టలో తిన్న జొన్న, రాగి మళ్ళీ కాస్త వంటింట్లోకి రావాలి, వంద గ్రాముల రాగుల్లో మూడువందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. చాయ్ అన్నం తిన్న గంట తర్వాత తాగాలి. ఆశా కార్యకర్త ఇచ్చిన ఇనుము మాత్రలు అల్మారాలో దాచకుండా మింగాలి. 2020 జనవరి నుంచి ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనంలో వారానికి అయిదు గుడ్లు పెట్టారు. గుడ్డు తినని పిల్లలకు వేరే ఏర్పాటు చెయ్యమని అడగవచ్చు గానీ, మడి పేరుతో తినే పిల్లల గుడ్డుని ఎవరైనా తీసేయబోతే అందరం అడ్డుపడాలి.

వీగన్ అయి వచ్చిన కొడుకునీ కూతుర్నీ దస్తర్‌ఖాన్ మీద పక్కన కూచోబెట్టుకోవాలి. బి-12 వేసుకుంటున్నావా అని అడగాలి. వాళ్ళు కూడా అమ్మ వండిన కూరని పక్కకు నెట్టేముందు అమ్మ పళ్ళెంలో ఏముందో చూడాలి. లౌకికవాద మిత్రులకు కూడా ఒక మాట. ‘మీరు ఆ ఒక్కటీ మానేస్తే గొడవే ఉండదు కదా’ అని మంచిమనసుతోనే అంటుంటారు. మానడం, మానకపోవడం మనిషి తన ఒంటినీ తన మనస్సాక్షినీ అడిగి తేల్చుకోవలసినది. అద్దె ఇంటికోసం తేల్చుకోవలసినది కాదు.

వచ్చే శుక్రవారం మా ఇళ్ళలో గరిటె పట్టుకున్న మనిషి ముందు తన పళ్ళెంలో ఒక తునక వేసుకోవాలి. వేసుకోకపోతే పక్కన కూచున్న మగవాడు వెయ్యాలి. శాకం తిన్న ఇంట్లో అయితే గట్టిపప్పు ముందు ఆమెకి వడ్డించాలి. అది జరిగాక మాంసం మంచిదా శాకం మంచిదా అనే చర్చకి మేం తీరిగ్గా కూచుంటాం.